సైన్‌ఫెల్డ్ సౌండ్‌ట్రాక్ ఆల్బమ్: మాటల్లేకుండా ఇది ఎవరైనా కూర్చుని వింటున్నారా, నేనొక్కడినేనా?

పాతక్యాసెట్
రెండు వారాలుగా ఇదే వింటున్నాను. ఇంట్లోవాళ్ళు ఇక తలుపేసుకుని వినమన్నారు కాబట్టి ఇక్కడికి వచ్చిపడ్డాను. తెలియనివాళ్ళకి, సైన్‌ఫెల్డ్ అంటే కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్, అతని ముగ్గురు స్నేహితులు జార్జ్, ఎలైన్, క్రేమర్‌ల మీద నడిచే అమెరికన్ కామెడీ టీవీ సీరియల్. షో 1998లో అయిపోయింది, ఆల్బమ్ మాత్రం 2021 జులైలో వచ్చింది. మొత్తం 33 ట్రాకులు, అన్నీ జొనాథన్ వుల్ఫ్ చేసినవే. 180 ఎపిసోడ్లు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు కానీ ఈ ఆల్బమ్ జోలికి మాత్రం మొన్నటిదాకా పోలేదు, ఎందుకంటే ఏముంటుంది అందులో, థీమ్ ఒకటి ఉంటుంది, మిగతా ముప్పై రెండూ సంచి నింపడానికి వేసిన గడ్డి అనుకున్నాను.

మొదటిసారి బస్సులో పెట్టుకున్నాను. థీమ్ మొదలైంది, ఆ బేస్ టడుం టడుం అని పడింది, ఇక జెర్రీ గొంతు వస్తుందని చెవి సిద్ధమైపోయింది. రాదు కదా! ఆ ఖాళీ ఎంత వింతగా ఉందంటే, మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టు. అప్పుడు నాకు తెలియకుండానే లోపల నేనే మాట్లాడటం మొదలుపెట్టాను. 'మీరెప్పుడైనా గమనించారా, బస్సులో ఖాళీ సీట్లున్నా కొందరు నిలబడే ఉంటారు...' అని. పక్కనాయన చూశాడు. పెదాలు కదిలినట్టున్నాయి.

అప్పటి నుంచి వదల్లేకపోతున్నాను. క్రేమర్ నడకకి వేసిన ముక్క ఒకటుంది, 'క్రేమర్స్ పింప్‌వాక్' అని, అది వస్తే నా నడక కూడా మారిపోతోంది. చివర్లో వచ్చే కోర్టు సీన్ సంగీతం 'వెయిటింగ్ ఫర్ ద వర్డిక్ట్' అయితే కామెడీ షోలోది అంటే ఎవరూ నమ్మరు. నా ప్రశ్న ఏమిటంటే, ఇది నిజంగా సంగీతం బాగుండి నచ్చుతోందా, లేక షో గుర్తొచ్చి నచ్చుతోందా? షో చూడనివాడికి ఇది వినిపిస్తే ఏమంటాడు?

చివరిబెంచి
33 ట్రాకులా? నాకు తెలిసి ఆ షో మొత్తానికి ఉన్నది ఒక్కటే ట్యూను. టడుం టడుం టిక్. దాన్నే ముప్పైమూడుసార్లు అమ్మారన్నమాట, తెలివైనవాళ్ళు.

కూనిరాగం
చివరిబెంచి గారూ, మీరన్నది సగం తప్పు, కానీ మిగతా సగం మీకు తెలియకుండానే కరెక్టు. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ఈ షో మొదట్లో జెర్రీ స్టేజి మీద నిలబడి జోకులు చెప్తుండగా టైటిల్స్ పడతాయి కదా. అక్కడే చిక్కొచ్చింది. అప్పటి చాలా కామెడీ సీరియళ్ళకి చక్కగా రాగం కట్టి, పాట రాసి, ఎవరో ఒకరు పాడి, మనం కూడా పాడుకునేలా థీమ్ చేసేవాళ్ళు. మనిషి మాట్లాడుతుంటే దాని కింద అలాంటి పాట పెడితే రెండూ పోట్లాడుకుంటాయి, జోకూ వినపడదు, పాటా వినపడదు. జెర్రీకి ఈ సంగతి తలనొప్పిగా ఉండగా, వుల్ఫ్‌కి, జెర్రీకి ఇద్దరికీ స్నేహితుడైన కమెడియన్ జార్జ్ వాలెస్ వాళ్ళిద్దర్నీ కలిపాడు.

వుల్ఫ్ ఆలోచన ఏమిటంటే, రాగం నేనెందుకు కట్టాలి, జెర్రీ గొంతే రాగం, నేను పక్కవాద్యం వాయిస్తాను. అంతే. జెర్రీ జోకు చెప్పే తీరు, ఎక్కడ ఆగుతాడు, ఎక్కడ తోస్తాడు, అది చూసుకుని ఆ లయకి సరిపోయే వేగం పెట్టుకున్నాడు. గొంతుకి అడ్డం రాకుండా కింద బేస్ వేశాడు. డ్రమ్స్ బదులు వేళ్ళు చిటికెలు వేసిన శబ్దం, పెదాలతో, నాలుకతో చేసే టక్ టక్ శబ్దాలు పెట్టాడు. ఇంకో విషయం, ప్రతి ఎపిసోడ్‌కీ జోకులు వేరు కాబట్టి, ఆగే చోట్లు వేరు కాబట్టి, ఆ థీమ్‌ని ప్రతిసారీ ఆ జోకులకి కుదిరేలా మళ్ళీ పేర్చేవాడు. పిల్లలు బొమ్మ ఇటుకలు పేర్చినట్టు. ఇక్కడ ఒక ఇటుక ఎక్కువ, అక్కడ ఒకటి తక్కువ.

కాబట్టి ట్యూను ఒకటే అన్నది నిజమే, కానీ అది ఒక్కసారి చేసి ఊరుకున్నది కాదు. కచేరీలో మృదంగం ఆయన పాటగాడి మొహం చూస్తూ వాయిస్తాడే, ఆ పని ఈయన స్టూడియోలో కూర్చుని వారం వారం చేశాడు. పాతక్యాసెట్ గారికి బస్సులో ఖాళీ వినపడింది అంటే చెవి బాగా పనిచేస్తోందన్నమాట. పాటగాడు రాని కచేరీ అది.

చివరిబెంచి
సరే ఒప్పుకుంటా, వేళ్ళ చిటికెలు అన్నది నాకు తెలియదు. అయినా పాటగాడు రాని కచేరీకి టికెట్ ఎవరు కొంటారు సార్.

బొటనవేలు
ఈ థ్రెడ్‌లో నా పాత గాయం కెలికారు. చెప్పేస్తాను.

నేను బేస్ గిటార్ వాయిస్తాను, గొప్పగా కాదు, ఏదో. మొదలుపెట్టిన కొత్తలో స్లాప్ నేర్చుకోవాలని పిచ్చి. తెలియనివాళ్ళకి చెప్తున్నా, స్లాప్ అంటే బొటనవేలి కణుపుతో లావు తీగని ఠప్పున కొట్టడం, చూపుడువేలితో సన్న తీగని కిందనుంచి లాగి వదలడం. ఆ వదిలినప్పుడు తీగ వెళ్ళి ఫ్రెట్లకి, అంటే గిటార్ మెడ మీది లోహపు పట్టీలకి, తగిలి టక్‌మంటుంది. లారీ గ్రాహమ్ అనే ఆయన దీనికి ఆద్యుడు అంటారు, వాళ్ళమ్మతో కలిసి వాయించేటప్పుడు డ్రమ్మర్ లేకపోతే ఆ డ్రమ్ము లోటు బేస్ మీదే తీర్చడానికి ఈ పద్ధతి పట్టాడట. సరే, నాకు తెలిసిన స్లాప్ బేస్ అల్లా సైన్‌ఫెల్డ్ థీమే. నెలల తరబడి కూర్చున్నాను. బొటనవేలు బొబ్బలెక్కింది. నోట్లు దొరుకుతున్నాయి, కానీ ఆ శబ్దం రాదు. ఆ పొడితనం, ఒక్కో నోటు కత్తెరతో కత్తిరించినట్టు ఆగిపోవడం, అది ఎంత చేసినా రాదు. తీగలు మార్చాను. ఆంప్ సెట్టింగులు తిప్పితిప్పి నాబ్ వదులైంది. నా చేతిలోనే లోపం అనుకుని ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత ఎవరో చెప్పారు, ఒరే అది గిటారే కాదు, కీబోర్డు అని.

కోర్గ్ ఎమ్1. 1988లో వచ్చిన సింథసైజర్. అందులోని స్లాప్ బేస్ శబ్దాన్ని వేళ్ళతో కీల మీద వాయించాడాయన. నేను తీగ మీద వెతికింది అసలు తీగే లేని వస్తువు. వారం రోజులు గిటార్ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ ఆల్బమ్ వింటే కోపం లేదు, నవ్వొస్తుంది. ఇంకా చెప్పాలంటే ఇప్పుడే ఎక్కువ నచ్చుతోంది. కొన్నిచోట్ల బేస్ వాయించేవాడి చెయ్యి సహజంగా పోని చోటికి నోట్లు గంతేస్తాయి, అది కీబోర్డు మీద కూర్చున్న మనిషికి తోచే గంతు. నకిలీ అని తెలిశాక ఆ నకిలీతనమే దాని అందం అనిపించింది, ఆ షోలో మనుషుల్లాగే.

రిమోట్‌రాణి
బొటనవేలు తమ్ముడూ పాపం 😂

నేను మాత్రం నిజం చెప్తాను, ఆల్బమ్ తొమ్మిదో ట్రాక్ దగ్గర ఆపేశాను. షో అంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ ఆల్బమ్ అంటే నా దృష్టిలో పాటలుండాలి, రెండోసారి వినేటప్పటికి కొంచెం కూడా పాడాలి. ఇందులో ఒక ముక్క మొదలై, కుదురుకునేలోపు అయిపోతుంది. ఇంకోటి మొదలవుతుంది. డాక్టరు గది బయట కూర్చుంటే తలుపు తెరుచుకుని మూసుకుంటూ ఉంటుందే, లోపలి మాట అరముక్క వినపడి ఆగిపోతుంది, అలా ఉంది.

ఫ్రెండ్స్ అనే ఇంకో కామెడీ సీరియల్ ఆల్బమ్ చూడండి, 1995లో వచ్చింది. థీమ్ ఉంది, వేరే బ్యాండ్ల పాటలున్నాయి, మధ్యమధ్యలో షోలోని డైలాగులు కూడా పెట్టారు. అది ఆల్బమ్. ఆ థీమ్‌లో వచ్చే నాలుగు చప్పట్ల దగ్గర చెయ్యి ఆగినవాళ్ళని నాకు చూపించండి. 1999లో వచ్చిన రెండోదాంట్లో ఫీబీ అనే పాత్ర పాడే పిల్లి పాట కూడా ఉంది, ఇంకేం కావాలి!

చివరిబెంచి
రాణి అక్కకి నా ఓటు. చప్పట్లు నాలుగూ కొట్టేశాను కుర్చీలోనే.

కూనిరాగం
ఫ్రెండ్స్ థీమ్ నాకూ ఇష్టమే, కానీ దాని కథ చూడండి. అది కూడా మొదట నిమిషం లోపు ముక్కే. రేడియోలో దాన్నే అతికించి అతికించి పూర్తి పాటలా వేస్తే జనం ఎగబడ్డారు, అప్పుడు దాన్ని పాడిన బ్యాండ్ ద రెంబ్రాంట్స్ మళ్ళీ కూర్చుని దానికి మిగతా చరణాలు కట్టి పాట చేయాల్సి వచ్చింది. అంటే అది పాట కావడానికి వీలున్న ముక్క. గొంతు అందులోనే ఉంది. సైన్‌ఫెల్డ్‌ది సాగదీస్తే పాట కాదు. సాగదీస్తే ఇంకా పెద్ద ఖాళీ అవుతుంది, అంతే. రెండిటినీ ఒక తక్కెడలో పెట్టకూడదు.

రిమోట్‌రాణి
తక్కెడ వద్దంటే వద్దు. నేను చెప్పింది నా చెవి సంగతి. మీరు ఖాళీ ఖాళీ అని ఇంత అందంగా చెప్తున్నారు, నాకు మాత్రం ఖాళీ ఖాళీగానే వినపడింది.

అర్ధరాత్రి_ఎడిటర్
వీడియో ఎడిటింగ్ నా వృత్తి, అందుకని నాకు ఈ ఆల్బమ్ వేరేలా వినపడుతుంది. మీరందరూ టైటిల్ థీమ్ గురించే మాట్లాడుతున్నారు. ఆల్బమ్‌లో అసలు రుచి సీన్‌కీ సీన్‌కీ మధ్య వచ్చే ముక్కల్లో ఉంది.

ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. జెర్రీ అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఏదో అంటారు, నవ్వులు, కట్. బయటి నుంచి కాఫీ షాప్ షాట్, మూడు నాలుగు సెకన్లు. కట్. లోపల జార్జ్ సగం వాక్యంలో ఉంటాడు. ఆ నాలుగు సెకన్లలో ఎన్ని పనులు జరగాలో చూడండి. ముందు సీన్ నవ్వు చల్లారాలి. టైమ్ గడిచిందని తెలియాలి, గంటో, రోజో. చోటు మారిందని తెలియాలి. కొత్త సీన్ వేగం మొదలవ్వాలి. బొమ్మలో ఏముంది, ఒక బిల్డింగు, నడిచిపోయే జనం, అంతే. పనంతా ఆ బేస్ చేస్తుంది. ఒక ముక్క పైకి ఎగిరి ప్రశ్నలా ఆగుతుంది, అంటే ఇప్పుడు ఏదో బెడిసికొట్టబోతోంది. ఇంకోటి కిందికి దిగి కూర్చుంటుంది, అంటే బెడిసికొట్టింది.

నేను మొదట్లో సీన్ల మధ్య సంగీతం పెట్టాలంటే పెద్ద టెన్షన్ పడేవాడిని, పెద్ద పాట తెచ్చి మధ్యలో కోసి అతికించేవాడిని, అది కోసినట్టు తెలిసిపోయేది. ఈ షో చూసి నేర్చుకున్నదేమిటంటే, నాలుగు సెకన్లకి కూడా మొదలు, నడుమ, చివర ఉండాలి. రాణి గారు అన్న డాక్టరు తలుపు పోలిక నాకు చాలా నచ్చింది, కానీ నేను ఆ తలుపులే చూడటానికి వెళ్ళే రకం. ఒక్కో తలుపు ఒక్కోలా మూసుకుంటుంది.

ఇంకోటి. ఎనిమిదో సీజన్ నుంచి, జెర్రీతో కలిసి షోని సృష్టించిన లారీ డేవిడ్ వెళ్ళిపోయాక, మొదట్లో వచ్చే ఆ స్టేజి జోకులు తీసేశారు. అంటే కూనిరాగం గారు చెప్పిన గొంతు లేదు. అయినా సంగీతం ఉంది, నిలబడింది. కాబట్టి 'పాటగాడు రాని కచేరీ' అనేది ఆల్బమ్‌తో మొదలు కాలేదు, షోలోనే చివరి రెండు సీజన్లు అలా నడిచింది. నాకైతే ఆ సీజన్లలో సంగీతం కొంచెం ఎక్కువ అల్లరి చేస్తున్నట్టు అనిపిస్తుంది, చూసే పెద్దమనిషి ఊరెళ్ళినట్టు.

కూనిరాగం
ఎడిటర్ గారూ, ఆ ఎనిమిదో సీజన్ మాట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. నా పోలికకి చిల్లు పడింది.

ఐదోసీజన్‌లో_ఉన్నా
నమస్తే అండి, కొత్త సభ్యుణ్ణి. పేరులోనే ఉంది, నేను ఇప్పుడే ఐదో సీజన్ చూస్తున్నాను. దయచేసి ఎవరూ చివర ఏమవుతుందో చెప్పకండి.

ఇంకో తిక్క పని చేశాను, షో పూర్తి కాకుండానే ఆల్బమ్ మొత్తం వినేశాను. పాతక్యాసెట్ గారు అడిగారు కదా షో చూడనివాడికి ఎలా ఉంటుందని, నేను సగం చూసినవాణ్ణి కాబట్టి సగం జవాబు చెప్తాను. చూసిన సీజన్లవి అనుకున్న ముక్కలు వస్తే మనుషులు కనపడుతున్నారు. చూడనివి వస్తే సంగీతం మాత్రమే వినపడుతోంది, అది కూడా బాగుంది, కాకపోతే వేరేలా. జెర్రీ, అతనికి పడని పొరుగువాడు న్యూమన్, వీళ్ళ తరుముడు ముక్క ఒకటుంది కదా, ఎవరు ఎవర్ని ఎందుకు తరుముతున్నారో తెలియకుండా నాకు నేనే కథ అల్లుకున్నాను. ఇద్దరూ ఒకే పార్సిల్ కోసం పరిగెడుతున్నారని.

కానీ ఒక అనుమానం. 'వెయిటింగ్ ఫర్ ద వర్డిక్ట్', అంటే తీర్పు కోసం ఎదురుచూపు అని ట్రాక్ పేరు ఉంది. ఎవరి మీద కేసు? ఏం చేశారు?

చివరిబెంచి
తమ్ముడూ, ఏమీ లేదు. క్రేమర్ ఏదో చేసుంటాడు. క్రేమర్ కదా.

పాతక్యాసెట్
తప్పు నాదే, మొదటి పోస్టులో కోర్టు అని నోరు జారాను. ఏ కేసూ లేదు బాబూ. నువ్వు ఆరో సీజన్‌కి వెళ్ళు.

నిర్వాహకుడు
1998లో ముగిసిన షోకి స్పాయిలర్ హెచ్చరిక పెట్టాల్సి వస్తుందని ఈ వేదిక మొదలుపెట్టినప్పుడు అనుకోలేదు. అయినా పెడుతున్నాను. ఈ థ్రెడ్‌లో ఐదో సీజన్ తర్వాతి కథ ఎవరూ రాయొద్దు. సంగీతం గురించి రాయండి.

అర్ధరాత్రి_ఎడిటర్
ఐదో సీజన్ అంటే గుర్తొచ్చింది. అందులో 'ద బార్బర్' అనే ఎపిసోడ్ చూశావా?

ఐదోసీజన్‌లో_ఉన్నా
మొన్ననే చూశానండి! జెర్రీకి క్షవరం చెడగొట్టే ముసలాయన. ఎందుకో ఆ ఎపిసోడ్ మొత్తం వేరే సినిమాలా అనిపించింది.

అర్ధరాత్రి_ఎడిటర్
ఆ 'ఎందుకో'కి జవాబు సంగీతమే. ఆ ఒక్క ఎపిసోడ్‌లో సీన్ల మధ్య మన బేస్ టడుం రాదు. రొస్సీని 'ద బార్బర్ ఆఫ్ సెవిల్' అని ఒపెరా ఉంది కదా, దాని సంగీతం వస్తుంది. ఎపిసోడ్ పేరు మీద జోకు అది. మాటలు అవే, మనుషులు వాళ్ళే, అపార్ట్‌మెంట్ అదే, అయినా నీకు వేరే సినిమాలా తోచిందంటే, మిగతా ఎపిసోడ్లలో ఆ చిన్న ముక్కలు ఎంత పని చేస్తున్నాయో చూసుకో. ఉప్పు లేనప్పుడే ఉప్పు సంగతి తెలుస్తుంది.

బొటనవేలు
అరె, ఇది నేను అన్నేళ్ళుగా గమనించలేదు. సిగ్గుగా ఉంది. బేస్ లేని ఎపిసోడ్ గుర్తుపట్టని బేస్ వాద్యగాణ్ణి నేను.

రిమోట్‌రాణి
ఒక మాట అడుగుతా. ఎలైన్ పార్టీలో ఆ దరిద్రపు డాన్స్ చేస్తుంది కదా, ఆ పాట ఈ ఆల్బమ్‌లో ఉంటే మిగతాది వింటాను. (ఐదోసీజన్ బాబూ, ఇది కథ కాదు, డాన్స్. నిర్వాహకుడు గారు మన్నించాలి.)

పాతక్యాసెట్
లేదండి. అది 'షైనింగ్ స్టార్', ఎర్త్ విండ్ అండ్ ఫైర్ వాళ్ళది. అలాగే జార్జ్ ఆన్సరింగ్ మెషీన్‌లో పాడే పేరడీ కూడా లేదు. ఇది పూర్తిగా వుల్ఫ్ వాయించినదే, పాట ఒక్కటీ లేదు. నిజానికి ఈ షోలో మనిషి గొంతుతో పాడించిన థీమ్ ఒక్కసారే వచ్చింది, 1991లో మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌కి. బేస్ వెనక ఆడవాళ్ళ గొంతులు ఏదో హమ్ చేస్తూ కలుపుతారు. ఆ ఒక్క ఎపిసోడ్‌తోనే తీసేశారు. అది మొదటిసారి గమనించినప్పుడు నాకు వేరే ఇంట్లో నిద్రలేచినట్టు అనిపించింది. మంచిపనే చేశారు.

ఇంకా వెనక్కి వెళ్తే, 1989 జులైలో వచ్చిన మొట్టమొదటి ఎపిసోడ్‌కి అసలు వుల్ఫ్ సంగీతమే లేదు, జెప్ ఎప్‌స్టీన్ అనే వేరే ఆయన చేశాడు. వుల్ఫ్ ఆ తర్వాతే వచ్చాడు.

కూనిరాగం
నిన్న రాత్రి ఒక విషయం తట్టి నిద్ర పట్టలేదు, అది రాసి పోతాను. ఎడిటర్ గారు నా పోలికకి పెట్టిన చిల్లుకి ఇది మాటు అనుకోండి.

వాళ్ళు కూర్చునే కాఫీ షాప్ ఉంది కదా, షోలో మంక్స్ అంటారు. లోపలి భాగం సెట్టు. కానీ బయటి షాట్‌లో కనపడేది నిజమైన హోటలు, న్యూయార్క్‌లో బ్రాడ్‌వే, 112వ వీధి మూల మీద ఉన్న టామ్స్ రెస్టారెంట్. దాని బోర్డు మీద 'టామ్స్' అన్న మాట ఫ్రేములో పడకుండా 'రెస్టారెంట్' వరకే చూపిస్తారు. ఎడిటర్ గారు చెప్పిన నాలుగు సెకన్ల షాట్, బేస్ ముక్క పడే షాట్, అదే.

అదే హోటల్ మీద సైన్‌ఫెల్డ్ కంటే ముందే ఒక పాట ఉంది. సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్', 1987 ఆల్బమ్‌లోది. ఆ పాటలో వాయిద్యం ఒక్కటి కూడా లేదు. ఉత్త గొంతు. ఒక మనిషి కాఫీ ముందు పెట్టుకుని చుట్టూ జరుగుతున్న చిన్నచిన్న సంగతులు చెప్తూ పోతుంది, అంతే, పెద్దగా ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడం అంటే, 'దేని గురించీ కాని షో' అని పేరున్న మన సైన్‌ఫెల్డ్ ఉంది కదా!

అంటే చూడండి, ఒకే మూల మీది ఒకే హోటలు. దాని పేరు మీద వాయిద్యం లేకుండా గొంతు మాత్రమే ఉన్న పాట ఒకటి. దాని బొమ్మ మీద గొంతు లేకుండా వాయిద్యం మాత్రమే ఉన్న సంగీతం ఇంకొకటి. ఒకదానికి లేనిది రెండోదాని దగ్గర ఉంది.

ఇంకా ఉంది. పాటల ఫైళ్ళని కుదించే ఎమ్‌పీ3 పద్ధతి తయారుచేసేటప్పుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ అనే జర్మన్ ఇంజనీరు పరీక్షకి వాడిన పాటల్లో ఈ 'టామ్స్ డైనర్' ఒకటి. పక్కవాద్యం లేని ఒంటరి గొంతుని కుదిస్తే చాలా ఘోరంగా వినపడేదట, ఏ చిన్న తప్పూ దాక్కోవడానికి చోటుండదు కదా. ఆ గొంతు బాగా వినపడేదాకా ఆయన మళ్ళీ మళ్ళీ సరిచేశాడు. అంటే మన ఫోన్లలో ఇన్నేళ్ళుగా పాటలు నడిచిన దారిలో ఆ హోటలు కూడా ఒక మజిలీ.

బొటనవేలు
ఇప్పుడే రెండూ ఒకదాని వెంట ఒకటి పెట్టి విన్నాను. ఒకేసారి కూడా ప్లే చేసి చూశాను, రెండు ఫోన్లలో. వేగం కలవదు. చండాలంగా ఉంది. కానీ ఒక్కచోట, సరిగ్గా రెండు సెకన్లు, కలిసింది. ఆ రెండు సెకన్ల కోసం పదిహేనుసార్లు చేశాను.

రిమోట్‌రాణి
సరే, మీ అందరి పోరు పడలేక మళ్ళీ విన్నాను. ఈసారి కూర్చుని కాదు, బీరువా సర్దుతూ. తేడా ఉంది. కూర్చుని వింటే ఒక్కోటి ఆగిపోతోందని విసుగొచ్చింది, పని చేస్తూ వింటే ఒక్కోటీ ఒక్కో పనికి సరిపోతోంది. చీర మడతపెట్టానా, టడుం. అరలో పెట్టానా, టిక్. తరిమే ముక్క వచ్చేసరికి నా చేతుల వేగం పెరిగి మొత్తం అర కిందపడింది.

33 ట్రాకులూ అయిపోయాయి. నచ్చిందని చెప్పను, మళ్ళీ పెడతానేమో. ఫ్రెండ్సే నాకు ఆల్బమ్. ఇది... ఇది సహాయకురాలు.

పాతక్యాసెట్
రాణి గారూ, మీ బీరువా పోస్టు నా రెండు వారాల వినికిడి కంటే మెరుగు. క్రేమర్ తలుపు తోసుకుని వచ్చేది కూడా అలాగే కదా, అర కిందపడ్డట్టు.

చివరిబెంచి
ఇప్పుడు నేను ఒక నేరం ఒప్పుకోవాలి. పాతక్యాసెట్ గారు బస్సులో తనలో తాను మాట్లాడుకున్నానన్నది చదివి నవ్వాను. తర్వాత ఎవరూ లేనప్పుడు నేనూ చేశాను. థీమ్ పెట్టి, దాని మీద వాషింగ్ మెషీన్‌తో వచ్చిన సూచనల పుస్తకం చదివాను. గట్టిగా. 'యంత్రాన్ని సమతలమైన నేల మీద ఉంచవలెను.' టడుం. 'తడి చేతులతో ప్లగ్గును ముట్టరాదు.' టిక్ టిక్. 'పిల్లలను యంత్రంలోనికి ఎక్కనీయరాదు.' టడుం టడుం. ఒట్టు, నవ్వాగలేదు. ఎందుకు నవ్వొచ్చిందో తెలియదు, అందులో జోకే లేదు.

చిక్కేమిటంటే నేను ఆగిన చోట వాడు ఆగడు, వాడు ఆగిన చోట నేను చదువుతున్నాను. ఒక్కో వాక్యానికి ట్రాక్ వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అది కుదిరేలా ప్రతి వారం ఒకాయన కూర్చుని మళ్ళీ పేర్చాడు అంటే, ఆ మొదట్లో అన్న టికెట్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ట్యూను ఒకటే అన్నది మాత్రం తీసుకోను.

అర్ధరాత్రి_ఎడిటర్
రికార్డు చేసి పంపండి, మీరు ఆగిన చోటల్లా నేను ముక్కలు పేర్చి ఇస్తాను. వుల్ఫ్ చేసిన పని ఒక్కసారైనా చేసి చూడాలనుంది.

చివరిబెంచి
పంపాను. తడి చేతుల దగ్గర తడబడ్డాను, అక్కడ కాస్త చూసుకోండి.

ఐదోసీజన్‌లో_ఉన్నా
మూడు నెలల తర్వాత వచ్చానండి. నిన్న రాత్రి ఆఖరి ఎపిసోడ్ అయిపోయింది.

మీరందరూ నాకు అబద్ధం చెప్పారు. క్రేమర్ ఒక్కడే కాదు.

ఆ ట్రాక్ మళ్ళీ విన్నాను. మొదటిసారి విన్నప్పుడు ఏదో సస్పెన్స్ ముక్క అనుకుని వదిలేశాను, ఇప్పుడు మాత్రం నలుగురూ వరుసగా కూర్చుని కనపడుతున్నారు, ఒక్కొక్కరి మొహం. బాగుంది కానీ ఒక చిన్న దిగులు. జెర్రీ, న్యూమన్ ముక్కకి నేను అల్లుకున్న పార్సిల్ కథ ఇక రావట్లేదు, ఎంత ప్రయత్నించినా. అది కూడా బాగుండేది.

అవునూ, వాషింగ్ మెషీన్ ఏమైంది?

అర్ధరాత్రి_ఎడిటర్
ఒకటిన్నర నిమిషం అయింది, పదకొండు రాత్రులు పట్టింది. తడి చేతుల దగ్గర ఇంకా కుదరలేదు.